నాలుగింటికి తెరిచే డబ్బా

శుక్రవారం, 2

నేనే. ఆరు విభాగాల్లోంచి ఏరి ఏరి నన్నే పంపుతున్నారు.

పొద్దున రిజిస్ట్రార్ గారు పిలిచి కూర్చోమన్నప్పుడే అనుకున్నాను, ఈయన కూర్చోమంటే ఏదో ఉందని. ఏటా మన పిల్లల్ని ఒక సెమిస్టరు చదువుకు పంపే భాగస్వామి కాలేజీ ఉంది కదా, బయటి కాలేజీల నుంచి వచ్చే విద్యార్థుల కోసం వాళ్ళకున్న ఆఫీసులో రెండు వారాలు ఉండి పని చూసి రావాలట. జాబ్ షాడోయింగ్ అంటారట. అక్కడి అధికారి వెనకాలే పొద్దున్నించి సాయంత్రం దాకా నీడలా ఉండటం, ఆవిడ చేసేది చూడటం, అంతే. ఒప్పందం ఈ నెలతో అయిపోతోంది, వాళ్ళు ఇంకో అయిదేళ్ళకి సంతకం పెడితే మనకి విడిగా ఒక విభాగం, దానికి మీరే అధికారి అన్నారు. ఇప్పుడు నా విభాగం అంటే మెట్ల కింద ఒక బల్ల, పరీక్షల సెక్షన్ వాళ్ళతో కలిసి వాడుకునే అర బీరువా. గది వస్తుంది, గదికి తలుపు ఉంటుంది, తలుపు మీద నా పేరుపలక ఉంటుంది. ఇంటికొచ్చేదాకా కాళ్ళు నేల మీద ఆనలేదు.

మా ఆయనకి చెబితే, పద్దెనిమిదేళ్ళుగా నీ వెనకాల సంచులు మోస్తూ తిరుగుతున్నాను, ఆ పనికి ఇంత మంచి పేరుందని తెలియనే లేదు అన్నారు. నీడ మాట్లాడకూడదట అని చెప్పగానే అక్క ఫోన్లో అయిదు నిమిషాలు నవ్వింది. "రెండు వారాలు నోరు మూసుకుని కూర్చోవాలా? పంపేవాళ్ళకి నీ సంగతి తెలుసా అసలు?"

పిట్ట అక్కడే ఉంది. వెళ్ళి రెండు నెలలైంది. నేను పంపిన ముప్ఫై ఒకటో విద్యార్థి, కెమిస్ట్రీలో ఫస్టు. గుప్పెడంత మనిషి, అందుకే క్లాసువాళ్ళు పిట్ట అన్నారు, నాకూ అదే అలవాటైంది. చెప్పకుండా వెళ్ళి ఎదురుగా నిలబడాలి.

ఆదివారం, 4

వచ్చేశాను. గది చిన్నది, కిటికీ పెద్దది. కిటికీలోంచి కాలేజీ వెనక గోడ కనిపిస్తుంది. అది కూడా బాగుంది. రేపటి చీర మూడుసార్లు మార్చాను.

సోమవారం, 5

మెడలో ఒక కార్డు వేశారు. దాని మీద పేరు లేదు, "నీడ" అని మాత్రం ఉంది. 

నేను నీడగా ఉండాల్సిన ఆవిడ మెడలో కార్డు బదులు తాళాల గుత్తి ఉంటుంది. ఆఫీసంతా ఆవిడని తాళాలావిడ అనే అంటారు, ఆవిడకీ తెలుసు. యాభై దాటి ఉంటాయి, నడక మాత్రం పరుగే. ఆవిడ కుర్చీకి వెనగ్గా, గోడ వారన ఒక పొట్టి ముక్కాలిపీట. అది నా స్థానం. ఇక్కడి పద్ధతులు మూడు: నీడ గదిలో మాట్లాడదు, నీడ ఫైలు ముట్టుకోదు, నీడకి ఏదన్నా అడగాలనిపిస్తే చీటీ మీద రాసి బిస్కెట్ల డబ్బాలో వేస్తుంది. నాలుగింటికి విద్యార్థులందరూ వెళ్ళిపోయాక డబ్బా తెరిచి ఒక్కో చీటీకి జవాబు చెబుతారు. ముందు తెరవరు. ఎందుకంటే, మధ్యలో అడిగే ప్రశ్నకి సగం జవాబు తర్వాతి గంటలో దానంతటదే దొరుకుతుందట.

మొదటి రోజే పదకొండు చీటీలు వేశాను. డబ్బా తెరిచి లెక్కపెట్టి, పోయినేడాది వచ్చిన నీడ రెండు వారాల్లో తొమ్మిది వేసింది అంది తాళాలావిడ. సిగ్గేసింది కానీ గర్వంగానే ఉంది.

ఎన్ని నేర్చుకున్నానో. బల్లకి ఇవతల ఒకరు అవతల ఒకరు కూర్చోరు, ఇద్దరూ ఒకే వైపు కూర్చుంటారు, ఎదురుగా కూర్చోబెడితే పిల్లలకి ఇంటర్వ్యూ అనిపిస్తుందట. ఏడుస్తూ వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టరు, లేపి కారిడార్లో నడిపిస్తారు. కూర్చుంటే ఏడుపు, నడిస్తే మాట వస్తుంది అంది తాళాలావిడ. మా మెట్ల కింద నడిపించడానికి చోటెక్కడుంది? పేరుపలక వచ్చాక చూద్దాం.

మంగళవారం, 6

పిట్టని చూశాను. లైబ్రరీ మెట్ల మీద ఎదురుగా వెళ్ళి నిలబడితే మొహం తెల్లబోయింది, తర్వాత చేతులు పట్టుకుని వదల్లేదు.

సాయంత్రం బస్ స్టాపు దాకా కలిసి నడిచాం. పెద్ద రోడ్డు, బస్సుల హోరు. పెద్దదాన్ని కదా అని రోడ్డు వైపు నేను నడిచి, పిట్టని గోడ వైపు నడిపించాను. దారంతా చెప్పాను: కొత్త విభాగం, గది, పేరుపలక, కారిడార్, ఒకే వైపు రెండు కుర్చీలు, వచ్చే ఏడాది నుంచి ఆరుగురిని పంపడం. అన్నిటికీ తలూపింది, నవ్వింది. ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. మన దగ్గర మాటకి మాట అందించే పిల్ల, ఎంత నిదానం వచ్చిందో. పై ఊరి నీళ్ళు పడితే మనిషి ఇలా ఎదుగుతారు. రిపోర్టులో ఇది రాయాలి.

బుధవారం, 7

ఆరు చీటీలు.

నాలుగింటికి తాళాలావిడ మా కాలేజీ ఫైలు తీసి తిరగేసి నవ్వింది. మీ ఫారాలు భలే ముచ్చటగా ఉంటాయండీ, ముప్ఫై ఒక్కమంది, ఒక్కరికి జలుబైనా లేదు అంది. ముందు నుంచీ అదే కదా నా పట్టుదల. నా దగ్గరికొచ్చిన ఫారం కొట్టివేత లేకుండా, కడిగిన ముత్యంలా వెళ్ళాలి. 

పొగడ్తే అది. పొగడ్తే.

గురువారం, 8

ఈరోజు ల్యాబ్ మాస్టారు వచ్చారు. పొడుగాటి మనిషి, తెల్ల కోటు మీదే వచ్చేశారు. గోడ వారన పీట మీద కూర్చున్నది ఎవరో ఏ కాలేజీయో ఆయనకి తెలియదు, నీడ వైపు ఎవరూ చూడరు.

పిట్ట గురించి. నిన్న ల్యాబ్‌లో బర్నర్ ఆపమని మూడుసార్లు అరిచారట. తల కూడా తిప్పలేదట. పక్కనున్న అమ్మాయి చేతికి మంట అంటుకుంది. వేసుకున్న కోటు చేయి కాలింది, చర్మానికి ఏమీ కాలేదు, అదృష్టం. ఇది మొదటిసారి కాదు, పిలిస్తే పలకదు, చెప్పింది సగం చేస్తుంది, పొగరు అన్నారు. మళ్ళీ తనే, పొగరో ఏమో నాకు తెలియదు, ఇంకొకళ్ళ చేయి కాలేదాకా ఆగలేను అన్నారు. వచ్చే మంగళవారం రెండింటికి కమిటీ. వెనక్కి పంపెయ్యాలా వద్దా అని.

ఆయన వెళ్ళాక తాళాలావిడ పిట్ట ఫారం తీసి ఆరోగ్యం గడి దగ్గర వేలు పెట్టి చదివింది. "చెప్పవలసినవి ఏమీ లేవు." రెండోసారి చదివి ఫైలు మూసేసింది.

చీటీలు లేవు.

శుక్రవారం, 9

తలనొప్పి. చీటీలు లేవు. ఒంట్లో బాగాలేదా అని తాళాలావిడ అడిగింది. బాగానే ఉంది అన్నాను.

శనివారం, 10

సెలవు. ఊరికే నడుద్దామని బయల్దేరి ల్యాబ్ భవనం దగ్గర తేలాను. అద్దంలోంచి చూశాను. మాస్టారి బల్ల గదికి ఎడమ చివర ఉంది. విద్యార్థుల బల్లలు కిటికీ వైపు తిరిగి ఉన్నాయి. అంటే అక్కడ ఎవరు నిలబడినా మాస్టారి మాట ఎడమ నుంచే వస్తుంది. ప్రతి బల్లకీ పేరు కాగితం అంటించారు. పిట్టది కుడి చివర, ఆయనకి అందరికన్నా దూరం.

ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. పిట్ట తన ఫారంలో ఒక ముక్క రాసింది. చిన్నప్పటి జ్వరం వల్ల ఎడమ చెవి వినపడదు, కుడి చెవి బాగా వినపడుతుంది, కూర్చునే చోటు చూసి ఇస్తే చాలు అని. దాన్ని నేను కుదించాను.

కుదించడం అంటే, కొత్త ఫారం ఇచ్చి మళ్ళీ రాయమన్నాను. తీసేయమనలేదు. ఇది అవసరమా అమ్మా అన్నాను. అంతకు రెండేళ్ళ ముందు ఇంకో కాలేజీకి పంపాల్సిన విద్యార్థి ఆయాసం ఉందని నిజాయితీగా రాస్తే సీట్లు లేవని జవాబు వచ్చింది. సీట్లు ఉన్నాయని నాకు తెలుసు. తల్లీ బిడ్డా నా మెట్ల కిందే కూర్చుని ఏడ్చారు. ఆ రోజు అనుకున్నాను, నా చేతి మీదుగా ఇంకో పిల్ల సీటు పోకూడదని. పిట్ట మంచికే. కాకపోతే ఇంకెవరి మంచికి?

అక్కడికెళ్ళాక కూడా ఎవరితోనూ అనకు, అన్నావంటే ఫారంలో అబద్ధం రాశావంటారు అని కూడా చెప్పాను. గట్టిగానే చెప్పాను. అది కుదించడం కాదు.

సోమవారం, 12

పిట్ట కమిటీ ఉత్తరం తీసుకోవడానికి వచ్చింది. తాళాలావిడ తన పక్క కుర్చీలో కూర్చోబెట్టుకుంది. కుర్చీ కుడి వైపుది కాబట్టి పిట్ట ఎడమ పక్క ఆవిడ. పిట్ట మొత్తం తిరిగి, మోకాళ్ళతో సహా తిరిగి, ఆవిడ పెదవుల వైపు చూస్తూ విన్నది. ఇది శ్రద్ధ అనుకుంటారు ఈ ఆఫీసువాళ్ళు.

మాకు తెలియనిది ఏదన్నా ఉంటే రేపటిలోపు చెప్పమ్మా, చెప్పినందుకు ఎవరూ ఏమీ అనరు అందావిడ. పిట్ట ఆవిడ భుజం మీదుగా నా వైపు ఒక్కసారి చూసింది. ఏమీ లేదండీ అంది. నన్ను చూస్తే ధైర్యం వచ్చి ఉంటుంది.

మా ఒప్పందం ప్రిన్సిపాల్ బల్ల మీదికి వెళ్ళిందట, బుధవారం సంతకం. తాళాలావిడే చెప్పింది, సంతోషిస్తానని. సంతోషించాను. పేరుపలక ఇత్తడిదా చెక్కదా అని మధ్యాహ్నమంతా ఆలోచించాను. చెక్కదే బాగుంటుంది.

మంగళవారం, 13, పొద్దున

రాసేశాను. చీటీ మీద రెండు వాక్యాలు, సంతకం. తొమ్మిదింటికి తాళాలావిడ తలుపు తెరవగానే డబ్బాలో వేశాను. నాలుగు రోజుల్లో మొదటి చీటీ. గుండె మీద బరువు దిగిపోయింది. చెప్పాల్సింది చెప్పేశాను.

కమిటీ రెండింటికి. డబ్బా నాలుగింటికి తెరుస్తారు. అది వాళ్ళ పద్ధతి, నేను పెట్టింది కాదు.

మంగళవారం, 13, సాయంత్రం

అక్షరాలు నావి కానట్టున్నాయి.

పొడవాటి బల్ల గది. ప్రిన్సిపాల్, ల్యాబ్ మాస్టారు, తాళాలావిడ, మినిట్స్ రాసే గుమాస్తా. తాళాలావిడ నా పీట కూడా మోయించుకొచ్చింది, నీడ తన వెనకాలే ఉండాలి కదా. పిట్టని మధ్యలో కూర్చోబెట్టారు. మాస్టారు ఎడమ పక్కన.

మాస్టారు అడిగినప్పుడల్లా పిట్ట ఒక క్షణం ఆలస్యంగా తిరిగేది. తిరిగేలోపు ప్రశ్నలో సగం అయిపోయేది. విన్న సగానికి జవాబు చెప్పేది. చూశారా, అడిగిందొకటి చెప్పేదొకటి అన్నారు మాస్టారు. కోపంగా కూడా కాదు, అలసిపోయినట్టు. గోడ గడియారం రెండు నలభై. నేను గడియారాన్నే చూస్తున్నాను. ఇంకో గంటా ఇరవై నిమిషాలు. అప్పటికి డబ్బా తెరుస్తారు, అప్పటికి ఈ గది ఖాళీ అయిపోయి ఉంటుంది. పొద్దున చీటీ వేస్తున్నప్పుడు కూడా ఈ లెక్క నాకు తెలుసు. తెలిసే వేశాను.

ప్రిన్సిపాల్ గారు, శనివారం ప్రయాణానికి ఏర్పాటు చేయిద్దామా అని అందరి వైపూ చూశారు. నువ్వు చివరగా ఏమన్నా చెబుతావా అని పిట్టని అడిగారు. ఆయన ఎదురుగా ఉన్నారు కాబట్టి అది మాత్రం పిట్టకి పూర్తిగా వినిపించింది.

"తప్పు నాదేనండీ. ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. ఇంకేం లేదు."

అప్పుడు లేచాను. పీట వెనక్కి పడింది, గుమాస్తా ఉలిక్కిపడ్డాడు. తాళాలావిడ చేయెత్తింది, కూర్చోండి అన్నట్టు. 

"ఆ పిల్లకి ఎడమ చెవి వినపడదు. ఫారంలో రాసింది. నేను మళ్ళీ రాయించాను. ఎవరికీ చెప్పొద్దని కూడా నేనే చెప్పాను."

పిట్ట రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. మాస్టారు నన్ను చూశారు, పిట్టని చూశారు. తర్వాత తన కుర్చీ తనే ఎత్తుకుని బల్ల చుట్టూ తిరిగి వచ్చి పిట్టకి కుడి పక్కన వేసుకుని కూర్చున్నారు. చిన్న గొంతుతో, బర్నర్ ఆపేటప్పుడు ముందు ఏది ఆపాలి అని అడిగారు. పిట్ట తల తిప్పకుండానే చెప్పింది. ఏది ముందు, ఎందుకు ముందు, గొట్టంలో మిగిలిన గ్యాసు ఏమవుతుంది, అన్నీ, ఆగకుండా. ఆయన వింటూ వింటూ కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుచుకున్నారు. రెండు నెలలు ఈ పిల్లని పొగరుబోతు అన్నాను అన్నారు, ఎవరితోనో తెలియదు.

పిట్ట ఉంటుంది. బల్ల మారుస్తారు. మాస్టారి పక్కనే, ఆయన దాని కుడి వైపు వచ్చేలా. 

సంతకం మాత్రం రేపు లేదు. మిగతా ముప్ఫైమందినీ మళ్ళీ అడిగి తెలుసుకున్నాక చూద్దాం అన్నారు ప్రిన్సిపాల్ గారు. మర్యాదగానే అన్నారు. 

నాలుగింటికి తాళాలావిడ ఎప్పట్లాగే తలుపు వేసి డబ్బా తెరిచింది. ఒక్కటే చీటీ. చదివింది. ఎప్పుడు వేశారు అని అడిగింది. పొద్దున తొమ్మిదింటికి అన్నాను.

"నాలుగింటికే తెరుస్తామని తెలిసే వేశారా?"

"తెలిసే వేశాను."

ఆవిడ చీటీని మడిచి తన జేబులో పెట్టుకుంది. "ఇది ప్రశ్న కాదు. అందుకని జవాబు లేదు" అంది. తర్వాత, పడిపోయిన పీటకి ఒక కాలు వదులైంది, మేకు కొట్టించాలి అని వెళ్ళిపోయింది.

ఎందుకో తెలియదు, ఆకలి నకనకలాడింది. రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

బుధవారం, 14

రిజిస్ట్రార్ గారికి ఫోన్ చేసి అంతా చెప్పాను. కుదించకుండా. ఆ విభాగం సంగతి మీరు వచ్చాక మాట్లాడదాం అన్నారు. ఆ గొంతు నాకు తెలుసు. ఆ గొంతుతో అన్నవి తర్వాత ఎప్పుడూ మాట్లాడలేదు.

మా ఆయన అంతా విని, అయితే మీ అక్కే గెలిచింది, పది రోజులు కూడా నోరు మూసుకోలేకపోయావు అన్నారు. తర్వాత మెల్లగా, మంచిపని చేశావులే అన్నారు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కారిడార్లో నడిచాను. ఆవిడ చెప్పింది నిజమే.

మధ్యాహ్నం తాళాలావిడ ఇంకో మాట చెప్పింది. ముప్ఫైమందినీ ఇక్కడి నుంచి అడగడం కాదట, వచ్చే నెల తనే మా కాలేజీకి వచ్చి రెండు వారాలు నా వెనకాల కూర్చుంటుందట. ఆవిడ నాకు నీడ. సంతకం ఆ తర్వాత. మెట్ల కింద పీట ఎక్కడ వెయ్యాలి, డబ్బా ఎక్కడ పెట్టాలి అని అప్పుడే బొమ్మ గీస్తున్నాను. భయంగా ఉంది, చిన్నపిల్లలా ఉత్సాహంగానూ ఉంది. అర బీరువా జరిపితే పీట పడుతుంది.

ఈరోజు ఎనిమిది చీటీలు.

శుక్రవారం, 16

కార్డు తిరిగి ఇచ్చేశాను.

పిట్ట బస్ స్టాపు దాకా వస్తానంది. కాలేజీ గేటు దాటాక, నాకు ఇన్నాళ్ళూ గొంతులో ఉన్నది అడిగాను. సోమవారం ఆవిడ అంత నెమ్మదిగా అడిగింది కదా, ఎందుకు చెప్పలేదే అని.

"మీరు రాకముందు చెప్పేద్దామనే అనుకున్నాను మేడమ్. మీరొచ్చి అక్కడ కూర్చున్నాక ఎలా చెప్పను? వాళ్ళందరి ముందు మీ మాట పోతుంది కదా."

నన్ను చూస్తే ధైర్యం వచ్చి ఉంటుంది అని నేను ఈ పుస్తకంలోనే రాసుకున్నాను. కొట్టెయ్యను, అలాగే ఉండనీ.

పెద్ద రోడ్డు మీదికి వచ్చాం. అదే హోరు. అలవాటుగా రోడ్డు వైపు నడిచి, మాట మొదలుపెట్టి, నాలుగడుగులు వేశాక ఆగిపోయాను. రోడ్డు వైపు అంటే దాని ఎడమ పక్క. మొదటి మంగళవారం కూడా ఇటే నడిచాను. అప్పటికి దాని చెవి సంగతి ఈ ఊళ్ళో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నేనే దారంతా అటు చెవిలో మాట్లాడాను, అది తలూపితే ఎంత నిదానం వచ్చిందో అని మురిసిపోయాను.

వెనక నుంచి చుట్టూ తిరిగి గోడ వైపుకి, కుడి పక్కకి వచ్చాను. బస్సులు పిట్ట పక్క నుంచి పోతున్నాయి, అందుకని దాని చేయి పట్టుకున్నాను. అది నా మొహం చూసి నవ్వడం మొదలుపెట్టింది.

"ఆ రోజు దారంతా ఏం చెప్పారు మేడమ్? ఒక్క ముక్క వినపడలేదు. మీరు అంత సంతోషంగా ఉంటే ఆపబుద్ధి కాలేదు."

చెప్పాను. మొదటి నుంచి మళ్ళీ చెప్పాను. కొత్త విభాగం, గది, తలుపు, చెక్క పేరుపలక, కారిడార్, ఒకే వైపు రెండు కుర్చీలు. అందులో సగం ఇక రాదని ఇద్దరికీ తెలుసు, అయినా ఏదీ వదలకుండా చెప్పాను. ఈసారి పిట్ట ప్రతిదానికీ అడ్డం వచ్చింది. పేరుపలక చెక్కదెందుకు అంది, రెండు కుర్చీల్లో కుడిదాంట్లో మీరే కూర్చోవాలి అంది, మెట్ల కింద నడిపించడానికి చోటెక్కడ అని వెక్కిరించింది. నేనొక మాటంటే అది రెండంది, బస్ స్టాపు వచ్చేసినా ఆపలేదు.